వెండికొండకు పొగబండి

అమెరికాలోని కొలరాడో రాష్ట్రానికి నైరుతి మూలన, శాన్ వాన్ పర్వతాల నడుమ ఉన్న చిన్న లోయలో వెలసిన పట్టణం సిల్వర్టన్. సముద్రమట్టానికి 9,318 అడుగుల ఎత్తు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉండేది 622 మంది. అది ఉన్న శాన్ వాన్ కౌంటీ మొత్తానికి పట్టణ హోదా ఉన్న ఊరు ఇదొక్కటే. 1874లో గనుల కోసమే పుట్టిన ఈ ఊరు 1991 వరకూ కొండను తవ్వుకునే బతికింది. వెండి, బంగారం, సీసం, జింకు, రాగి... అన్నీ ఇక్కడి నుంచే బయటికి వెళ్లాయి.

గనులు మూతపడిన ఊళ్లలో చాలావాటికి రెండే దారులు. జనం వెళ్లిపోయి పాడుబడటం, లేదా పాత గుర్తులు చెరిపేసుకుని కొత్త బతుకుతెరువు వెతుక్కోవడం. సిల్వర్టన్ మూడో దారి పట్టింది. ముడిఖనిజం మోయడానికి 1882లో వేసిన నారోగేజ్ పట్టాల మీదే ఇవాళ సందర్శకులను రప్పించుకుంటోంది. ఆఖరి ఖనిజ మిల్లును తుక్కుకు అమ్మకుండా, యంత్రాలతో సహా కాపాడుకుంది. గనులు మిగిల్చిన విషాన్ని సైతం తన చరిత్రలో భాగంగా ఒప్పుకుంది. కొండలోని సంపద తరలిపోయినా, దాన్ని వెలికితీసిన మనుషుల పనితనమే ఆస్తిగా నిలవగలదని ఈ ఊరు చూపిస్తోంది.

అగ్నిపర్వతం దాచిన నిధి

సుమారు 2.8 కోట్ల ఏళ్ల క్రితం ఈ ప్రాంతంలో భారీ అగ్నిపర్వతాలు పేలాయి. లోపలి శిలాద్రవం బయటికి వచ్చేశాక, ఆధారం పోయిన పైనేల కుంగిపోయి పెద్ద గుంత ఏర్పడింది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని సిల్వర్టన్ కాల్డెరా అంటారు. నేల కుంగినప్పుడు చుట్టూ ఉన్న రాయి పగుళ్లిచ్చింది. ఆ తర్వాతి కాలంలో లోతుల నుంచి ఎగదన్నిన వేడినీళ్లు ఆ పగుళ్లలో పారుతూ, తమలో కరిగి ఉన్న లోహాలను అక్కడ వదిలిపెట్టాయి. గనివాళ్లు వెతుక్కుంటూ వెళ్లిన ఖనిజ సిరలు అవే. విలువైన లోహాలతో పాటు ఇనుము, గంధకం కలిసిన పైరైట్ అనే ఖనిజమూ విస్తారంగా పేరుకుంది. అమ్మితే ధర పలకని ఈ పైరైటే తర్వాతి రోజుల్లో నదికి శాపమైంది.

ఈ కొండలు తరతరాలుగా యూట్ తెగలవి. వేసవిలో వేటకు పైకి వచ్చి, చలికాలానికి వాళ్లు దిగువ లోయలకు వెళ్లేవారు. 1860లో ఛార్లెస్ బేకర్ అనే అన్వేషకుడి బృందం బంగారం వెతుక్కుంటూ ఈ లోయలోకి వచ్చింది. ఆశించినంత దొరకలేదు. అంతలో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. వచ్చినవాళ్లు వెళ్లిపోయారు. 1870ల ఆరంభంలో మాత్రం గునపాలతో వచ్చినవారు వెనక్కి పోలేదు. యూట్‌ల భూమి అని ఒప్పందాల్లో రాసి ఉన్నా పట్టించుకోలేదు. ప్రభుత్వం వాళ్లను పంపించే బదులు యూట్‌ల మీదే ఒత్తిడి తెచ్చింది. 1873 నాటి బ్రూనో ఒప్పందంతో యూట్‌లు సుమారు 37 లక్షల ఎకరాలు వదులుకోవాల్సి వచ్చింది. బదులుగా వాళ్లకు దక్కిన మాట, ఏటా 25,000 డాలర్లు. 1874లో అమెరికా కాంగ్రెస్ దాన్ని ఆమోదించింది. అదే ఏడాది సిల్వర్టన్ వెలిసింది. యూట్‌లలో ఒక శాఖ ఇప్పుడు దిగువన ఉన్న డురాంగో పట్టణానికి ఆగ్నేయంగా, ఇగ్నాసియో కేంద్రంగా ఉన్న రిజర్వేషన్‌లో నివసిస్తోంది. ఇక్కడి గనుల చరిత్ర చెప్పుకునేటప్పుడు ఆ నేల ఎవరి చేతుల్లోంచి ఎలా వచ్చిందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

గాడిదల బాట నుంచి పట్టాల దాకా

ఖనిజమైతే దొరికింది, దాన్ని బయటికి చేర్చడమే పెద్ద సమస్య అయింది. తూర్పున ఉన్న డెల్ నోర్టే పట్టణానికి వెళ్లాలంటే 12,500 అడుగులు దాటిన స్టోనీ పాస్ కనుమ ఎక్కి దిగాలి. గాడిదలు, కంచరగాడిదల వీపున మూటలు కట్టి ఖనిజాన్ని దింపేవారు. తిరుగు ప్రయాణంలో పిండి, కొవ్వొత్తులు, మందుగుండు, ఇనుప సామాను పైకి మోసుకొచ్చేవారు. చలికాలం వస్తే మంచు దారులు మూసేసేది. రవాణాకే ఇంత ఖర్చయ్యేసరికి బాగా నాణ్యమైన ఖనిజాన్నే పంపగలిగేవారు. తక్కువ రకం ఖనిజం గని బయటే గుట్టలుగా పడి ఉండేది.

ఈ చిక్కును విప్పింది రైలు. విలియం జాక్సన్ పామర్ 1870లో స్థాపించిన డెన్వర్ అండ్ రియో గ్రాండ్ రైల్వే కొండ ప్రాంతాల కోసం నారోగేజ్‌ను ఎంచుకుంది. రెండు పట్టాల మధ్య దూరం 3 అడుగులు, అంటే 914 మిల్లీమీటర్లు. మనకు తెలిసిన మీటర్‌గేజ్ కంటే కాస్త ఇరుకు, డార్జిలింగ్ కొండరైలు పట్టాల కంటే వెడల్పు. దారి ఇరుకైతే తొలచాల్సిన రాయి తగ్గుతుంది. మలుపులు మరింత వంకరగా తిప్పవచ్చు. ఇంజన్లు, పెట్టెలు చిన్నవి కాబట్టి పెట్టుబడీ తక్కువే. డార్జిలింగ్ రైలు పరుగు మొదలుపెట్టిన 1881లోనే కొలరాడోలో ఈ పట్టాలు డురాంగో చేరాయి.

డురాంగో పట్టణాన్ని 1880లో నెలకొల్పింది కూడా ఆ రైల్వేనే. అక్కడ చుట్టుపక్కల బొగ్గు ఉంది. సిల్వర్టన్ కంటే దాదాపు 2,800 అడుగులు పల్లంలో ఉండటంతో చలి బాధా తక్కువే. అందుకే లోహాన్ని కరిగించే కొలిమి అక్కడ పెట్టారు. గని పైనా, కొలిమి కిందా. మధ్యలో యానిమస్ నది లోయ. ఆ లోయ వెంట సుమారు 73 కిలోమీటర్ల మార్గం వేయడం 1881 శరత్కాలంలో మొదలై, 1882 జులైకి పూర్తయింది. ఏడాదైనా పట్టలేదు.

కొండ అంచున దారి

డురాంగో నుంచి హెర్మోసా దాకా దారి పచ్చని పొలాల మధ్య సాఫీగానే సాగుతుంది. అక్కడి నుంచి ఎక్కుడు. రాక్‌వుడ్ దాటగానే అసలైన పరీక్ష. లోయ ఒక్కసారిగా ఇరుకై, రెండు పక్కలా నిలువు గ్రానైట్ గోడలు లేస్తాయి. కింద నది. ఒడ్డున పట్టా వేసే చోటే లేదు. దాంతో ఇంజనీర్లు నదికి వందల అడుగుల ఎత్తున కొండ గోడనే చెక్కి, రైలు పట్టేంత అంచు తయారుచేశారు. పనివాళ్లు తాళ్లు కట్టుకుని గోడకు వేలాడుతూ రంధ్రాలు తొలిచి, మందు కూరి పేల్చేవారు. ‘హై లైన్’ అని పిలిచే ఈ భాగానికి మైలుకు లక్ష డాలర్ల దాకా ఖర్చయిందని అంచనా. ఈనాటికీ రైలు ఇక్కడ నడకంత వేగంతోనే వెళుతుంది. కిటికీలోంచి చూస్తే ఒకవైపు చేతికందేంత దగ్గర్లో, డైనమైట్ రంధ్రాల గీతలతో రాతి గోడ. మరోవైపు నేరుగా లోతుల్లో ఆకుపచ్చ నీరు.

ఆ తర్వాత దారి నదిని దాటుకుంటూ, రోడ్డు కూడా లేని అడవి గుండా సాగుతుంది. మంచు చరియలు ఏటా పట్టాలను పూడ్చేవి. 1884 చలికాలంలో రెండు నెలలకు పైగా సిల్వర్టన్‌కు రైలు రాలేదు. 1911 అక్టోబరు వరదలు పట్టాలను పలుచోట్ల ఊడ్చుకుపోయాయి. బయటి ప్రపంచంతో ఆ ఊరిని కలిపే ముఖ్యమైన దారి ఇదే కాబట్టి, పోయిన ప్రతిసారీ మళ్లీ వేశారు.

రైలు రావడంతో గనుల లెక్కలు మారిపోయాయి. రవాణా ఖర్చు దిగడంతో, గని ముఖాన పడి ఉన్న తక్కువ రకం ఖనిజం కూడా గిట్టుబాటయింది. బరువైన యంత్రాలు, బాయిలర్లు పైకి చేరాయి. 1883లో గ్రాండ్ హోటల్ తెరుచుకుంది. గ్రాండ్ ఇంపీరియల్ పేరుతో అది ఇప్పటికీ అతిథులకు బస ఇస్తోంది. బ్యాంకులు, దుకాణాలు ఉన్న గ్రీన్ స్ట్రీట్ ఒకవైపు. సారాకొట్లు, జూదశాలలు, వేశ్యాగృహాలు ఉన్న బ్లెయిర్ స్ట్రీట్ మరోవైపు. 1910 నాటికి జనాభా రెండు వేలు దాటింది.

సిల్వర్టన్‌ నుంచి పైనున్న గనులకు పట్టాలు వేసిన ఘనత ఆటో మియర్స్‌ది. నాటి రష్యా సామ్రాజ్యంలో యూదు కుటుంబంలో పుట్టి, చిన్ననాడే అనాథయి, అమెరికా చేరిన మనిషి. ముందు టోల్ రోడ్లు వేశాడు. తర్వాత రైలు మార్గాలకు మళ్లాడు. రెడ్ మౌంటెన్ గనులకు వెళ్లే సిల్వర్టన్ రైల్‌రోడ్‌ను 1880ల చివర్లో, యురేకా వైపు వెళ్లే సిల్వర్టన్ నార్తర్న్‌ను 1896లో నిర్మించాడు. గ్లాడ్‌స్టోన్‌కు వెళ్లే మూడో మార్గం గోల్డ్ కింగ్ గని యాజమాన్యం వేయగా, తర్వాత మియర్స్ చేతికి వచ్చింది. అతిథులకు అతడు ఇచ్చిన ఉచిత పాసులు జింక తోలుతోనూ, వెండితోనూ చేసినవి. పాత వస్తువులు సేకరించేవారికి అవి ఇప్పుడు అపురూపం. అతడి టోల్ రోడ్డు దారినే సిల్వర్టన్, యురే పట్టణాల మధ్య నేటి ‘మిలియన్ డాలర్ హైవే’ సాగుతుంది.

రూపాయి కొట్టిన దెబ్బ

1893లో ఈ కొండలను కుదిపేసిన దెబ్బకు మన దేశంతో సూటిగా సంబంధం ఉంది. అప్పటిదాకా ఎవరైనా వెండి తెచ్చి కలకత్తా, బొంబాయి టంకశాలల్లో ఇస్తే రూపాయి నాణేలు కొట్టి ఇచ్చేవారు. ప్రపంచ వెండి మార్కెట్‌కు అది పెద్ద అండ. కానీ ఐరోపా దేశాలు బంగారు నాణేల వైపు మళ్లడం, అమెరికా గనుల దిగుబడి పెరగడంతో వెండి ధర ఏళ్ల తరబడి పడిపోతూ వచ్చింది. దాంతోపాటే రూపాయి విలువా దిగజారింది. లండన్‌కు బంగారం లెక్కన కట్టాల్సిన చెల్లింపులు భారమయ్యాయి. చివరికి 1893 జూన్ 26న బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం, ప్రజలు తెచ్చే వెండికి నాణేలు కొట్టడం ఆపేసింది.

ఆ కబురు తంతి మీద అమెరికా చేరిన కొద్దిరోజుల్లోనే వెండి ధర కుప్పకూలింది. కొలరాడోలో గనులు వరసగా మూతపడ్డాయి. జులైలో డెన్వర్ బ్యాంకుల ముందు డిపాజిటర్లు బారులు తీరారు. పలు బ్యాంకులు తలుపులు మూసేశాయి. అమెరికా ప్రభుత్వం నెలనెలా వెండి కొనాలని చెప్పే 1890 నాటి షెర్మన్ చట్టాన్ని కూడా ఆ ఏడాది చివర్లో రద్దు చేశారు. దాంతో మిగిలిన ఆశా పోయింది. డురాంగో నుంచి రిడ్జ్‌వే దాకా రియో గ్రాండ్ సదరన్ అనే మరో మార్గం వేసిన ఆటో మియర్స్ అప్పుల్లో కూరుకుపోయి దాన్ని వదులుకున్నాడు.

సిల్వర్టన్ ఈ దెబ్బకు తూలింది కానీ పడిపోలేదు. దాని కొండల్లో వెండి ఒక్కటే కాదు, బంగారమూ ఉంది. సన్నీసైడ్, గోల్డ్ కింగ్, ఓల్డ్ హండ్రెడ్ వంటి బంగారు గనులు ఊరిని నిలబెట్టాయి. సీసం, జింకుకు గిరాకీ పెరిగిన కొద్దీ ఆ ఖనిజాలూ ఆదుకున్నాయి.

నురుగులో తేలే లోహం

ఈ కొండల ఖనిజంలో ఒక చిక్కుంది. లోహాలన్నీ ఒకే రాయిలో కలగలిసి ఉంటాయి. సీసాన్ని, జింకును విడదీయడం పాత పద్ధతుల్లో దాదాపు అసాధ్యం. దీనికి పరిష్కారంగా వచ్చిందే నురుగు తేర్పు విధానం. యురేకా దగ్గర సన్నీసైడ్ కంపెనీ 1917 ప్రాంతంలో కట్టిన మిల్లు, సీసం, జింకులను ఈ విధానంలో విడివిడిగా తీసిన తొలి మిల్లుల్లో ఒకటి.

ఆ విధానం ఎలా పనిచేస్తుందో ఇప్పుడు కళ్లారా చూడగలిగేది సిల్వర్టన్ శివార్లలోని మేఫ్లవర్ మిల్లులో. 1929లో కట్టిన ఈ మిల్లు 1991 దాకా నడిచింది. కొండపై గని నుంచి దాదాపు మూడు కిలోమీటర్ల రోప్‌వే మీద ఇనుప తొట్లు ఖనిజాన్ని దింపేవి. ఆ తొట్లలోనే కూర్చుని కార్మికులు పనికి వెళ్లివచ్చేవారు. మిల్లు కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉంటుంది. ఖనిజం పై అంతస్తులో పడి, ఒక్కో దశ దాటుతూ తన బరువుతో తానే కిందికి దిగుతుంది. మొదట దవడల యంత్రం రాళ్లను కంకరగా విరుస్తుంది. తర్వాత ఉక్కు గుండ్లు నింపిన పెద్ద పీపాలు గిరగిరా తిరుగుతూ కంకరను నీళ్లతో కలిపి మెత్తగా నూరుతాయి. ఆ బురదకు కొన్ని నూనెలు, రసాయనాలు చేర్చి, అడుగు నుంచి గాలి పంపుతారు. రసాయనం పట్టిన లోహపు రేణువులు గాలి బుడగలను అంటిపెట్టుకుని, కవ్వానికి వెన్న తేలినట్టు పైకి వస్తాయి. వట్టి రాతిపొడి అడుగున మిగిలిపోతుంది. రసాయనాల పాళ్లు మారుస్తూ ఒక తొట్టిలో సీసాన్ని, మరో తొట్టిలో జింకును తేలుస్తారు. నురుగును తీసి, నీరు పిండి, ఆరబెడితే గాఢమైన ఖనిజం తయారు. అక్కడి నుంచి కొలిమికి రవాణా.

1930ల మహా మాంద్యంలో చుట్టుపక్కల చాలా గనులు మూతపడినా, ఛార్లెస్ చేజ్ నిర్వహణలో ఈ మిల్లు పనిచేస్తూ ఊరికి అన్నం పెట్టింది. మూతపడ్డాక యాజమాన్యం మిల్లును శాన్ వాన్ కౌంటీ చారిత్రక సంఘానికి అప్పగించింది. 2000లో జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తింపు వచ్చింది. యంత్రాలు, తొట్లు, నూనె మరకలు పడిన బల్లలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

గనివాళ్ల బతుకు

ఈ గనుల్లో పనిచేసినవాళ్లు ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్, ఇటలీ, ఆస్ట్రియా, స్వీడన్ వంటి చోట్ల నుంచి వచ్చినవారు. తగరం, రాగి గనుల్లో ఆరితేరిన కార్న్‌వాల్ పనివాళ్లు ఆ రోజుల్లో ప్రపంచమంతా వెళ్లారు. మన పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో తెలుగు, తమిళ కూలీలపై మేస్త్రీలుగా నిలిచిందీ వాళ్లే.

గనులు పట్టణంలో లేవు. పన్నెండు వేల అడుగుల ఎత్తున, కొండ గోడలకు అంటించినట్టుండే చెక్క వసతిగృహాల్లో కార్మికులు చలికాలమంతా ఉండిపోయేవారు. గలీనా కొండ మీద ఓల్డ్ హండ్రెడ్ గని వసతిగృహం ఇప్పటికీ కింది నుంచి కనబడుతుంది. చేత్తో సుత్తి కొట్టి తొలిచే పద్ధతి పోయి గాలితో నడిచే డ్రిల్లులు రావడంతో పని వేగం పెరిగింది, దుమ్ము కూడా పెరిగింది. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్ ఎందరినో బలి తీసుకుంది. తొలినాటి డ్రిల్లులకు గనివాళ్లు పెట్టుకున్న పేరు ‘విడో మేకర్’, అంటే మెడలో తాళి తెంచేది. డ్రిల్లు మొనకు నీళ్లు చిమ్మే ఏర్పాటు వచ్చాకే దుమ్ము తగ్గింది.

మంచు మరో మృత్యువు. 1906 మార్చి 17న షెనండోవా గని వసతిగృహం మీద మంచు చరియ విరిగిపడి 12 మంది చనిపోయారు. 1918 శరత్కాలంలో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా కొద్ది వారాల్లోనే సుమారు 150 ప్రాణాలు తీసింది. అంత చిన్న ఊరికి అది కోలుకోలేని నష్టం. హిల్‌సైడ్ శ్మశానంలో సామూహిక సమాధి ఆనాటిదే. కంపెనీల దయ కోసం చూడకుండా గని కార్మిక సంఘం సొంతంగా ఆసుపత్రి కట్టించుకుంది.

రైలు ఎలా నిలిచింది

గనులు తగ్గేకొద్దీ పట్టాలూ తగ్గాయి. సిల్వర్టన్‌ పైనున్న మూడు చిన్న మార్గాలను రెండో ప్రపంచ యుద్ధం నాటికి ఊడదీశారు. రియో గ్రాండ్ రైల్వే కోసం 1923లో స్కెనెక్టడీలో తయారై వచ్చిన పది కె-28 ఇంజన్లలో ఏడింటిని 1942లో సైన్యం అలాస్కా మార్గానికి తీసుకుపోయింది. మిగిలినవి మూడే: 473, 476, 478. ఈ మూడూ ఇప్పటికీ డురాంగోలోనే ఉన్నాయి. వాటికి తోడు ఫిలడెల్ఫియాలోని బాల్డ్‌విన్ కర్మాగారం 1925లో చేసిన కె-36 ఇంజన్లు నాలుగు ఉన్నాయి.

యుద్ధం ముగిశాక హాలీవుడ్ ఈ లోయను కనిపెట్టింది. ‘అరౌండ్ ద వరల్డ్ ఇన్ 80 డేస్’ (1956), ‘బుచ్ కాసిడీ అండ్ ద సన్‌డాన్స్ కిడ్’ (1969) వంటి సినిమాల్లో ఈ రైలు కనిపించింది. తెర మీద చూసినవాళ్లు ఎక్కడానికి వచ్చారు. 1961లో సిల్వర్టన్ పట్టణ కేంద్రానికి, రైలు మార్గానికి జాతీయ చారిత్రక చిహ్నం హోదా దక్కింది. 1960ల చివర్లో డురాంగోను మిగతా రైల్వేతో కలిపే మార్గం మూతపడింది. ఈ ఒక్క లైను ఏకాకిగా మిగిలింది. 1981లో ఫ్లోరిడాకు చెందిన ఛార్లెస్ బ్రాడ్‌షా అనే వ్యాపారి కొన్నాక, ఇది డురాంగో అండ్ సిల్వర్టన్ నారోగేజ్ రైల్‌రోడ్ పేరుతో పూర్తిగా యాత్రికుల రైలైంది. 1998లో మరో యాజమాన్యానికి మారింది.

నడపడం కంటే నిలబెట్టడమే కష్టం. 1989 ఫిబ్రవరిలో డురాంగో ఇంజన్ల షెడ్డు కాలిపోయింది. లోపల ఉన్న ఇంజన్లు దెబ్బతిన్నాయి. వాటిని బాగుచేసి, షెడ్డును మళ్లీ కట్టారు. అందులోనే ఇప్పుడు మ్యూజియం ఉంది. అమెరికా నిబంధనల ప్రకారం ఆవిరి ఇంజన్‌ను 1,472 పని దినాలకు లేదా 15 ఏళ్లకు ఒకసారి పూర్తిగా విప్పి, బాయిలర్ రేకు మందం ప్రతిచోటా కొలిచి చూడాలి. విడిభాగాలు ఏ దుకాణంలోనూ దొరకవు కాబట్టి చాలావరకు షెడ్డులోనే పోతపోసి, కోసి, అమర్చుకుంటారు.

బొగ్గుతో నడిచిన రోజుల్లో ఒక రానుపోను ప్రయాణానికి సుమారు ఆరు టన్నుల బొగ్గు, పదివేల గాలన్ల నీళ్లు కావాల్సి వచ్చేది. ఆ బొగ్గంతా ఫైర్‌మన్ పారతో ఎత్తి పొయ్యిలో వేయాల్సిందే. 2018 జూన్‌లో డురాంగో దగ్గర కార్చిచ్చు చెలరేగి 54,000 ఎకరాల అడవిని కాల్చింది. రైలు నిప్పురవ్వలే కారణమని ప్రభుత్వం దావా వేసింది. 2022లో రెండు కోట్ల డాలర్ల పరిహారానికి రాజీ కుదిరింది. ఆ మంటల సమయంలో నెలకు పైగా రైలు ఆగిపోవడంతో సిల్వర్టన్ హోటళ్లు, దుకాణాలు వెలవెలబోయాయి. ఊరు ఈ రైలు మీద ఎంతగా ఆధారపడిందో అందరికీ తెలిసొచ్చింది. ఆ తర్వాత ఇంజన్లను బొగ్గు నుంచి చమురుకు మార్చారు. ఎండిన అడవిలో నిప్పురవ్వలు ఎగరని ఆవిరి ఇంజనే ఈ లైనుకు భవిష్యత్తు.

చెరువు, నది

సిల్వర్టన్ చరిత్రలో రెండు సంఘటనలను కలిపి చెప్పుకోవాలి. మొదటిది 1978 జూన్ 4. సన్నీసైడ్ గని సొరంగాలు ఎమ్మా అనే కొండ చెరువు అడుగుకు బాగా దగ్గరగా వెళ్లాయి. చెరువు అడుగు చిల్లుపడి, లక్షల గాలన్ల నీరు, బురద గనిలోకి దూకాయి. దారిలోని యంత్రాలను, కలపను విరుచుకుంటూ కింద గ్లాడ్‌స్టోన్ దగ్గర సొరంగం నోట బయటపడ్డాయి. మామూలు రోజైతే గని నిండా పనివాళ్లు ఉండేవారు. ఆ రోజు ఆదివారం. లోపల ఒక్కరూ లేరు. ఊరి పైన కొండవాలు మీద, 1959లో ఇటలీ పాలరాతితో నిలిపిన ‘క్రైస్ట్ ఆఫ్ ద మైన్స్’ విగ్రహమే తమ వాళ్లను కాపాడిందని గని కుటుంబాల నమ్మకం. బురద తోడి గనిని మళ్లీ నడపడానికి రెండేళ్లు పట్టింది.

రెండోది 2015 ఆగస్టు 5. మూతపడిన గోల్డ్ కింగ్ గని ముఖద్వారం వద్ద అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తరఫున పనిచేస్తున్న బృందం మట్టి తొలగిస్తుండగా, లోపల నిలిచిన నీరు ఒక్కసారిగా ఎగదన్నింది. సుమారు 30 లక్షల గాలన్ల ఆమ్ల జలం యానిమస్‌లో కలిసింది. నది పొడవునా నారింజ రంగు. డురాంగో తాగునీటి తోడకం ఆపింది. దిగువన న్యూ మెక్సికోలో, నవాహో తెగ భూముల్లో రైతులు పొలాలకు నీళ్లు కట్టుకోలేకపోయారు.

అది ఒక్కరోజు పొరపాటుతో పుట్టిన సమస్య కాదు. భూమి లోపల భద్రంగా ఉన్న పైరైట్‌కు సొరంగాల వల్ల గాలి, నీరు తగులుతాయి. మూడూ కలిస్తే గంధకామ్లం పుడుతుంది. ఆమ్లం రాతిలోని జింకు, కాడ్మియం, సీసం వంటి లోహాలను కరిగించుకుంటుంది. తవ్వకం ఆగినా ఈ ప్రక్రియ ఆగదు. పాత గనుల నుంచి ఏళ్లుగా ఈ నీరు కారుతూనే ఉంది. ప్రభుత్వ శుద్ధి పథకంలో చేరితే ఊరికి చెడ్డపేరు వచ్చి యాత్రికులు తగ్గుతారని స్థానికులు చాలాకాలం వెనకాడారు. నది రంగు మారాక 2016లో పట్టణ, కౌంటీ పాలకులు తామే ముందుకొచ్చి పథకం కోరారు. ఆ ఏడాది సెప్టెంబరులో బొనీటా పీక్ గనుల ప్రాంతంలోని 48 స్థలాలు శుద్ధి జాబితాలో చేరాయి. సిల్వర్టన్ వారసత్వంలో ఇదీ భాగమే. లోహం ధరలో ఎన్నడూ కలపని ఖర్చును ఈనాటి తరం కడుతోంది.

చూడటానికి వెళ్లేవారికి

మే నుంచి అక్టోబరు వరకు రైలు డురాంగో నుంచి సిల్వర్టన్ దాకా వెళుతుంది. చలికాలంలో సగం దారిలోని క్యాస్కేడ్ క్యాన్యన్ నుంచే తిరిగివస్తుంది. పైకి వెళ్లడానికి సుమారు మూడున్నర గంటలు, దిగడానికీ అంతే. ఒకవైపు రైలు, మరోవైపు బస్సు ఎంచుకునే వీలుంది. రోడ్డున వెళితే కోల్ బ్యాంక్, మోలాస్ కనుమల మీదుగా సుమారు 77 కిలోమీటర్లు. జులై, ఆగస్టుల్లో కొండలు పూలతో నిండుతాయి కానీ మధ్యాహ్నం ఉరుములతో వాన సామాన్యం. సెప్టెంబరు చివర ఆస్పెన్ చెట్లు పసుపు వర్ణంలోకి మారతాయి.

రైలు సిల్వర్టన్‌లో ఆగే కాస్త సమయంలో ఊరంతా చూడటం కుదరదు. ఒక రాత్రి ఉండగలిగితే, ఖనిజం ప్రయాణించిన వరుసలోనే చూడటం మేలు. ముందు గని. ఓల్డ్ హండ్రెడ్ గనిలో విద్యుత్ రైలు సందర్శకులను కొండ లోపలికి దాదాపు అర కిలోమీటరు తీసుకెళుతుంది. లోపల ఏడాది పొడవునా 9 డిగ్రీల చలే. అనుభవం ఉన్న గనివాళ్లు డ్రిల్లులు నడిపి చూపిస్తారు. తర్వాత మేఫ్లవర్ మిల్లు. ఆపై ఊళ్లో 1902 నాటి జైలు భవనంతో కలిసి ఉన్న గనుల వారసత్వ మ్యూజియం. ఆగస్టులో జరిగే ‘హార్డ్‌రాకర్స్ హాలిడేస్’లో సుత్తితో రాయి తొలిచే పోటీలు, తవ్విన మట్టి ఎత్తే పోటీలు ఉంటాయి. జీపు ఉంటే యురేకా మీదుగా 11,200 అడుగుల ఎత్తున ఉన్న యానిమస్ ఫోర్క్స్ దాకా వెళ్లవచ్చు. జనం వదిలేసిన ఆ ఊళ్లో పాత చెక్క ఇళ్లు కొన్ని ఇంకా నిలిచి ఉన్నాయి.

పల్లం నుంచి నేరుగా వచ్చేవారికి ఇక్కడ గాలి పల్చగా అనిపిస్తుంది. తలనొప్పి, ఆయాసం రావచ్చు. డురాంగోలో ఒకరోజు ఆగి, నీళ్లు బాగా తాగుతూ పైకి వెళ్లడం మంచిది. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్న పెద్దవాళ్లు వైద్యుల సలహా తీసుకోవాలి. దారిలో కనిపించే పాత గని ద్వారాల్లోకి మాత్రం ఎవరూ అడుగుపెట్టకూడదు. కలప పుచ్చిపోయి ఉంటుంది, లోపల ప్రాణవాయువు తగినంత ఉండదు. గైడు వెంట ఉన్న గనులనే చూడాలి. టికెట్ల మీద వచ్చే ఆదాయమే మిల్లును, మ్యూజియాన్ని, రైలును నిలబెడుతోంది కాబట్టి, రైలు దిగి ఫొటోలతో సరిపెట్టుకోకుండా వీటికీ సమయం కేటాయిస్తే ఈ ఊరి కృషికి సాయం చేసినట్టే.